న్యూమాటిక్ కన్వేయింగ్ బేసిక్స్ కోర్సు: ఎవరు వెళ్ళాలి, ఎవరికి అక్కర్లేదు

అసలు విషయం ముందే చెప్పేస్తాను, వివరాలు తర్వాత. సిమెంటు, పవర్ ప్లాంటు, రైస్ మిల్లు, ప్లాస్టిక్, ఎక్కడైనా సరే, పొడినో గింజనో గాలితో పైపులో పంపే లైను మీద రోజూ పనిచేసేవాళ్ళయితే ఈ కోర్సుకి తప్పకుండా వెళ్ళండి. కొత్త లైను డిజైన్ చేయడం నేర్చుకుని వచ్చేద్దాం అనుకుంటే మాత్రం ఇది చాలదు. నేను సిమెంటు గ్రైండింగ్ యూనిట్లో మెయింటెనెన్స్ చూస్తాను. ఫ్లై యాష్ (బొగ్గు కాలాక మిగిలే సన్నని బూడిద) బల్కర్లు, అంటే ట్యాంకర్ లారీలు, ఖాళీ చేయించుకోవడం దగ్గర్నుంచి సైలోలోంచి (పొడి నిల్వ చేసే పెద్ద ట్యాంకులోంచి) మిల్లు వైపు యాష్ పంపడం దాకా మా సెక్షన్ పనే. కోర్సు నడిపేది హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం. కింద కొన్ని ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు.

ఈ సబ్జెక్టు మన చుట్టూ ఎంత ఉందో, నేర్పేవాళ్ళు అంత తక్కువ. మన బొగ్గులో నూటికి 30-40 వంతులు బూడిదే. రామగుండంలోనో, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోనో, సింహాద్రిలోనో పవర్ ప్లాంటు ఈఎస్‌పీ (పొగలోంచి బూడిదని కరెంటుతో పట్టే యంత్రం) కింద హాపర్లలో, అంటే గరాటులాంటి తొట్లలో పడ్డ ఆ బూడిదంతా సైలోకి చేరేది పైపులోనే. అక్కడి నుంచి బల్కర్లలో సిమెంటు ఫ్యాక్టరీలకి వస్తుంది. పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజోలానా) సిమెంటులో 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపొచ్చు కాబట్టి మాలాంటి యూనిట్లకి అది రోజువారీ సరుకు. మిర్యాలగూడ వైపు వెళ్తే ప్రతి మిల్లులో ఊక పైపులోనే ఎగురుతుంటుంది. ఇంత ఉన్నా, మెకానికల్ బీటెక్‌లో న్యూమాటిక్స్ అనగానే సిలిండర్లు, సొలనాయిడ్ వాల్వులు చెప్పి ముగించేస్తారు. కెమికల్ వాళ్ళకి ఒక చాప్టర్ ఉంటే ఉంటుంది. ఉద్యోగంలో చేరాక సీనియర్ చెప్పిందే చదువు, ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్ చెప్పిందే చదువు. లైను చోక్ అయితే (సరుకు నిండి మూసుకుపోతే) సుత్తితో పైపు మీద కొట్టు, గాలి పెంచు, ఫీడ్ ఆపు. ఈ మూడూ ఎందుకు పనిచేస్తాయో, ఎప్పుడు పనిచేయవో అడిగితే జవాబు ఉండదు. నేను ఫీజు కట్టి వెళ్ళింది ఆ జవాబు కోసమే.

అది దొరికింది. క్లాసులో కంటే ల్యాబ్‌లో ఎక్కువగా దొరికింది.

ఒక షెడ్డులో చుట్టూ తిరిగి వచ్చే లైను వేసి, మధ్యమధ్యలో లోపల జరిగేది కనబడేలా గాజులాంటి పారదర్శక పైపు ముక్కలు బిగించారు. గాలి తోసే ఒక రూట్స్ బ్లోయర్, ఒక హాపర్, దాని కింద రోటరీ ఎయిర్‌లాక్ (గాలి బయటికి పోకుండా తిరుగుతూ సరుకుని లైనులోకి వదిలే వాల్వ్), చివర బ్యాగ్ ఫిల్టర్ పెట్టిన బిన్ను, దారి పొడవునా ప్రెషర్ గేజులు. హాపర్లో ప్లాస్టిక్ గుళికలు పోశారు. ఫీడ్ ఒకే రేటులో ఉంచి, గాలిని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. మొదట గుళికలు పైపంతా పరుచుకుని ఎగురుతున్నాయి, బెండ్ల (పైపు మలుపుల) దగ్గర టపటపమని కొట్టుకుంటున్నాయి. గాలి తగ్గించే కొద్దీ గేజ్‌లో ప్రెషర్ కూడా దిగుతోంది, అంటే ఇంకా తగ్గిస్తే కరెంటు ఇంకా మిగులుతుందన్నమాట అని చూసేవాడికి అనిపిస్తుంది. ఒక దగ్గరికి వచ్చేసరికి ప్రెషర్ దిగడం ఆగింది. పైపు అడుగున గుళికలు చారగా పేరుకోవడం మొదలైంది, తూర్పారబట్టేటప్పుడు గాలి పడిపోతే పొల్లు కూడా గింజల పక్కనే రాలినట్టు. ఇంకొంచెం తగ్గించగానే చార కాస్తా దిబ్బలైంది, ప్రెషర్ పైకి తిరిగింది, ముల్లు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది, ఆ తర్వాత లైను నిండిపోయి ఆగిపోయింది. అదే సమయంలో నిలువు పైపులో గుళికలు ఇంకా బాగానే ఎక్కుతున్నాయి, ముందు చచ్చుబడింది అడ్డంగా ఉన్న పైపే. నిలువుగా ఎక్కించడమే కష్టం అనుకునే మనలో చాలామందికి ఇది కళ్ళారా చూడాల్సిన విషయం.

ఇదంతా చూపించాక అప్పుడు బోర్డు మీద గ్రాఫ్ గీశారు. అడ్డగీత మీద గాలి వేగం, నిలువుగీత మీద ప్రెషర్ డ్రాప్, మధ్యలో కిందకి దిగి మళ్ళీ పైకి లేచే వంపు. పుస్తకంలో ఈ వంపు నేను ముందే చూశాను, కానీ ముల్లు ఊగడం చూసిన తర్వాత అది వేరేగా అర్థమవుతుంది. మా లైను ప్రెషర్ ట్రెండ్ స్క్రీన్ మీద రంపంలా కనబడుతోందంటే ఆ వంపులో ఎడమవైపు అంచున నడుస్తున్నామని ఇప్పుడు తెలుస్తోంది. ముందు గ్రాఫ్ పెట్టి తర్వాత ల్యాబ్‌కి తీసుకెళ్ళే కోర్సులే ఎక్కువ. ఈ వరస పెట్టినవాళ్ళకి నా మెచ్చుకోలు.

రెండో మంచి విషయం గాలి లెక్క. ఇక్కడ ట్రైనర్ తొందరపడలేదు, క్యాలిక్యులేటర్లు తీయించి అందరి చేతా చేయించారు. పైపు లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఫీడ్ పడే చోట ప్రెషర్ 0.5 బార్ గేజ్, అంటే బయటి గాలి ప్రెషర్ (దాదాపు 1 బార్) కంటే అర బార్ ఎక్కువ. అక్కడ గుళికలు లేవాలంటే సెకనుకి 16 మీటర్ల వేగం కావాలనుకోండి. పైపు వైశాల్యంతో గుణిస్తే సెకనుకి 0.126 ఘనపు మీటర్లు. కానీ అది నొక్కుకుని ఉన్న గాలి, బ్లోయర్ కొనేది బయటి గాలి లెక్కన. లోపల మొత్తం ప్రెషర్ 1.5 బార్ కాబట్టి ఒకటిన్నర రెట్లు చేస్తే నిమిషానికి 11.3 ఘనపు మీటర్లు వస్తుంది. ఆ ఒకటిన్నర మర్చిపోయి బ్లోయర్ ఆర్డర్ పెడితే ఫీడ్ దగ్గర వేగం 11 మీటర్లకి కాస్త తక్కువే ఉంటుంది, లైను మొదటి రోజు నుంచే చోక్ అవుతుంది. సరిగ్గా లెక్కేసి పెడితే, అదే గాలి చివరికి వెళ్ళేసరికి ప్రెషర్ పోయి, విప్పారి, సెకనుకి 24 మీటర్లతో బయటపడుతుంది. పైపు ఒకటే, గాలి ఒకటే, వేగం మాత్రం మొదట్లో 16, చివర్లో 24. అంటే చోక్ అయ్యే ప్రమాదం ఫీడ్ దగ్గర, అరిగే ప్రమాదం డిశ్చార్జ్ దగ్గర.

డెన్స్ ఫేజ్‌లో, అంటే సరుకుని ఎగరనివ్వకుండా ఒత్తుగా, తక్కువ వేగంతో తోసే పద్ధతిలో, ఈ తేడా ఇంకా ఎక్కువ. ఫ్లై యాష్‌ని 2 బార్ గేజ్‌తో మొదలుపెట్టి ఫీడ్ దగ్గర 6 మీటర్లతో నెమ్మదిగా తోసినా, పైపు సైజు మార్చకపోతే చివర అది 18 మీటర్లు అవుతుంది. మా దగ్గర సైలో పైన ఉన్న చివరి బెండే ఎప్పుడూ చిల్లు పడుతుంది, ప్యాచ్ కొట్టిన చోటే మళ్ళీ ప్యాచ్ కొడుతుంటాం. కారణం ఈ విప్పారడమే. వేగం పాతిక శాతం పెరిగితే అరుగుదల దాదాపు రెట్టింపు అవుతుంది, ఎందుకంటే అరుగుదల వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం ఘనానికి దగ్గరగా పెరుగుతుంది. అందుకే పొడవాటి లైన్లలో మధ్యలో పైపు సైజు పెంచుతారు. అయితే ఎక్కడ పెంచాలనేది చాలా ముఖ్యం. 100 నుంచి 125కి మారిన క్షణంలో వేగం మూడో వంతుకి పైగా పడిపోతుంది, తొందరపడి ముందే మార్చేస్తే సరిగ్గా అక్కడే కూర్చుంటుంది సరుకు. ఈ ఒక్క లెక్క కోసం నేను ఈ కోర్సుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

ఇంకో చిన్న విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్లోయర్ నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది. 90 డిగ్రీల గాలిలోకి చల్లటి సరుకు పడి మిశ్రమం 40 డిగ్రీలకి దిగితే గాలి కుంచించుకుపోయి వేగం దాదాపు 14 శాతం తగ్గుతుంది. అది కూడా మనకి వేగం అసలే తక్కువగా ఉన్న ఫీడ్ పాయింట్ దగ్గరే. గాలి ఉష్ణోగ్రత మాత్రమే చూసి లెక్క వేసుకుంటే ఈ 14 శాతం కనబడదు.

అందరూ గుర్తుపెట్టుకున్న క్లాసు మాత్రం ఒక ప్రశ్నతో మొదలైంది. పవర్ ప్లాంటు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఏళ్ళ తరబడి యాష్ హ్యాండ్లింగ్‌లో ఉన్న ఆపరేటర్, లేచి అడిగారు:

"సార్, సరుకు సరిగ్గా వెళ్ళట్లేదంటే గాలి పెంచకుండా ఇంకేం చేస్తామండీ?"

"మీరు పెంచేది గాలి పరిమాణమా, ప్రెషరా?"

"రెండూ ఒకటే కదండీ!"

"కాదండీ, రండి రిగ్ దగ్గరికి."

అందర్నీ మళ్ళీ షెడ్డులోకి, ఆ ప్రయోగం లైను (రిగ్) దగ్గరికి తీసుకెళ్ళి, బ్లోయర్ ప్రెషర్ ఒక హద్దు దాటకుండా చూసుకుంటూ గాలి పెంచారు. ఆ హద్దులో ఉండాలంటే ఫీడ్ తగ్గించాల్సి వచ్చింది. ఇంకా పెంచితే ఇంకా తగ్గించాల్సి వచ్చింది. ఎందుకంటే ఖాళీ పైపులో గాలి ఒక్కటే పోవడానికి కూడా ప్రెషర్ ఖర్చవుతుంది, వేగం రెట్టింపైతే ఆ ఖర్చు నాలుగు రెట్లవుతుంది. రూట్స్ బ్లోయర్ ఇవ్వగలిగేది మహా అయితే 1 బార్. అందులో ఎక్కువ భాగం గాలి తన దారి ఖర్చులకే వాడేసుకుంటే సరుకుని మోయడానికి మిగిలేది తక్కువ. లైను అంచున ఊగుతున్నప్పుడు గాలి పెంచడం సరైనదే, కానీ బాగా ఎగురుతున్న లైనులో టన్నేజీ పెంచడానికి గాలి పెంచితే టన్నేజీ పడిపోతుంది, బెండ్లు అరుగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. పెద్దాయన చాలాసేపు గేజ్ దగ్గరే నిలబడ్డారు. తర్వాత వాళ్ళ లైను నంబర్లు చెప్పి ట్రైనర్‌తో లంచ్ అంతా లెక్కలు వేయించుకున్నారు. ట్రైనర్ ఓపిగ్గా వేశారు కూడా. ఇలాంటి మనిషి దొరకడం మా బ్యాచ్ అదృష్టం.

సరుకు గురించి చెప్పిన భాగం కూడా బాగుంది. 1973లో గెల్డార్ట్ పొడుల్ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుంపులు చేశాడు, రేణువు సైజు, సాంద్రత చూసి. చాలా చోట్ల ఆ చార్టు చూపించి వదిలేస్తారు. ఇక్కడ చేత్తో చేయించారు. ఒక సీసాలో ఫ్లై యాష్, ఇంకో సీసాలో ఇసుక పోసి, మూత పెట్టి, గట్టిగా ఊపి కింద పెట్టమన్నారు. యాష్ గాలిని పట్టుకుని చాలాసేపు నీళ్ళలా కదులుతూనే ఉంది, ఇసుక వెంటనే గట్టిపడిపోయింది. గాలిని పట్టి ఉంచుకునే పొడి కాబట్టే యాష్, సిమెంటు డెన్స్ ఫేజ్‌లో తక్కువ వేగంతో పాకుతాయి. ప్లాస్టిక్ గుళికలు గాలిని పట్టుకోవు, కానీ తమ మధ్యలోంచి పోనిస్తాయి కాబట్టి ముద్దలు ముద్దలుగా నడుస్తాయి. మామూలు ఇసుక రెండూ చేయదు, దాన్ని మామూలు డెన్స్ ఫేజ్ లైనులో పెడితే ఇబ్బందే. పక్క ఫ్యాక్టరీలో బాగా నడుస్తోందని అదే లైను మన దగ్గర కాపీ కొట్టకూడదనేది దీంతో స్పష్టంగా తెలుస్తుంది. ఫ్లై యాష్ అని ఒకే పేరుతో పిలిచినా, ఈఎస్‌పీ మొదటి ఫీల్డ్ (పొగ ముందుగా వెళ్ళే విభాగం) హాపర్లలో పడేది ముతక, అదే ఎక్కువ, చివరి ఫీల్డ్‌లో పడేది మెత్తన. ఒకే సెట్టింగుతో రెండూ ఒకేలా నడవమంటే నడవవు. మాకు బల్కర్ బల్కర్‌కీ ఖాళీ అయ్యే టైము ఎందుకు మారుతుందో దీంతో సగం అర్థమైంది.

వాక్యూమ్ ఎప్పుడు, ప్రెషర్ ఎప్పుడు అనేది తొందరగా చెప్పారు, చాలు కూడా: చాలా చోట్ల నుంచి ఒక చోటికి తేవాలంటే వాక్యూమ్, ఒక చోటి నుంచి చాలా చోట్లకి పంపాలంటే ప్రెషర్. వాక్యూమ్‌తో వాడుకోగలిగేది దాదాపు అర బార్ మాత్రమే కాబట్టి దూరాలకి అది కుదరదు.

ఇక ఫిర్యాదులు.

మొదటిది రోటరీ ఎయిర్‌లాక్. ప్రెషర్ లైనులో ఎయిర్‌లాక్ నుంచి పైకి గాలి లీక్ అవుతుంది. ఖాళీ అయిన పాకెట్లు తిరిగి పైకి వెళ్తూ మోసుకెళ్ళే గాలి కొంత, రోటర్‌కీ బాడీకీ మధ్య సందులోంచి పోయేది కొంత. రోటర్ అరిగే కొద్దీ సందు పెరిగి లీకేజీ పెరుగుతుంది, లైనుకి అందే గాలి తగ్గుతుంది, పైగా ఆ లీకైన గాలి హాపర్లోంచి దిగే సరుకుకి ఎదురెళ్ళి ఫీడ్‌ని కూడా ఆపుతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన లైను ఇవాళ ఎందుకు చోక్ అవుతోంది అనే ప్రశ్నకి చాలా ప్లాంట్లలో జవాబు ఇక్కడే ఉంటుంది. అలాంటి విషయాన్ని స్లైడ్లు తిప్పుకుంటూ పోయారు. లీక్ గాలిని బయటికి పంపే వెంట్ పైపు ఎలా పెట్టాలి, రోటర్ సందు ఎప్పుడు కొలవాలి, ఇవేమీ చెప్పలేదు. మెయింటెనెన్స్ వాళ్ళు నిండిపోయిన బ్యాచ్‌లో ఇది పెద్ద లోటు.

రెండోది నాకు కోపం తెప్పించింది. బెండ్ల క్లాసుకి బయటి నుంచి ఒకాయన్ని పిలిపించారు, ఆయన బెండ్లు అమ్మే కంపెనీ మనిషి. సిరామిక్ లైనింగ్ ఎంత గొప్పదో చెప్పి, కేటలాగులు పంచి వెళ్ళిపోయారు. అల్యూమినా టైల్స్ వేసిన బెండ్లు యాష్ లైన్లలో బాగానే ఆగుతాయి, దానితో నాకు పేచీ లేదు. కానీ బెండు అసలు ఎక్కడ పెట్టాలి అనేది ఎవరు చెబుతారు? ఫీడ్ పడ్డ వెంటనే బెండు పెట్టకూడదు, సరుకు వేగం అందుకోవడానికి కొంత దూరం తిన్నగా పోనివ్వాలి. వెంటవెంటనే రెండు బెండ్లు వద్దు. బెండ్లు తగ్గిద్దామని ఏటవాలుగా పైకి పైపు వేయడం ఇంకా చెడ్డది, అడుగున చేరిన సరుకు వెనక్కి జారుతుంది, అడ్డంగా పోయి నిలువుగా ఎక్కడమే మేలు. ఇవన్నీ ట్రైనర్ మర్నాడు టీ టైములో నేను అడిగితే చెప్పారు. ఫీజు కట్టింది ఇలాంటివాటికి, కేటలాగుకి కాదు.

మూడోది, ఊక మాటే లేదు. మా బ్యాచ్‌లో నల్లగొండ జిల్లా రైస్ మిల్లు వాళ్ళు కూడా వచ్చారు. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదయ్యే పదార్థం, అందులో అత్యధిక భాగం సిలికా. చేతికి తేలిగ్గా ఉంటుంది కానీ ఎల్బోల్ని (పైపు మలుపుల్ని) తినేస్తుంది. ఉదాహరణలన్నీ ప్లాస్టిక్ గుళికలు, సిమెంటు, పిండి. తెలుగు రాష్ట్రాల్లో కోర్సు పెట్టి ఊక లైను ఒక్కటి కూడా చూపించకపోతే ఎలా? వాళ్ళు ప్రశ్న అడిగితే "మీ మిల్లు డ్రాయింగ్ పంపండి, చూస్తాం" అన్నారు, అంతే.

నాలుగోది భద్రత, దీన్ని నేను తేలిగ్గా వదలలేను. పిండి, చక్కెర లాంటి పొడులు గాల్లో కలిసి ఒక నిప్పురవ్వ తగిలితే పేలతాయి. 2008లో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో పేరుకున్న చక్కెర ధూళి పేలి 14 మంది చనిపోయారు. పైపులో పొడి రాసుకుంటూ పోతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది, అందుకే పైపులు కలిసే చోట ఫ్లాంజ్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య జంపర్ (లోహపు తీగ) వేసి ఎర్తింగ్ చేయాలి. కోర్సులో దీనికి ఇచ్చింది ఒక్క స్లైడు. ఫ్లై యాష్ పేలదు నిజమే, కానీ మా వైపు ప్రమాదం వేరు. బల్కర్ ఖాళీ అయ్యే చివరి క్షణాల్లో ట్యాంకులో మిగిలిన గాలంతా ఒక్కసారిగా సైలోలోకి దూకుతుంది. పైన బ్యాగ్ ఫిల్టర్ మూసుకుపోయి, రిలీఫ్ వాల్వ్ మీద సిమెంటు గడ్డకట్టి ఉంటే సైలో పైకప్పు దాన్ని తట్టుకోలేదు, ఫిల్టర్ ఎగిరి కింద పడొచ్చు. సిటీ చుట్టూ ఉన్న ప్రతి రెడీమిక్స్ ప్లాంటులో ఇది రోజూ జరిగే పని, కింద హోస్ పట్టుకుని నిలబడేది డ్రైవరో హెల్పరో. వాళ్ళ కోసం దీని మీద అరపూట క్లాసు ఉండాల్సింది.

వసతి, భోజనం బాగానే ఉన్నాయి. నోట్స్ అంతా ఇంగ్లీషులో ఉంది, ఆపరేటర్లకి కష్టమైంది, ల్యాబ్‌లో మాత్రం ట్రైనర్ తెలుగులోనే మాట్లాడారు కాబట్టి నెట్టుకొచ్చారు. చివర్లో పెట్టిన పరీక్ష ఊరికే పేరుకి, సర్టిఫికెట్ అందరికీ వచ్చింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: ఖాళీ చేతులతో వెళ్ళకండి. మీ లైను పైపు సైజులు, పొడవు, బెండ్లు ఎన్ని, బ్లోయర్ నేమ్‌ప్లేట్ ఫోటో, మామూలుగా నడిచేటప్పుడు ప్రెషర్ ఎంత, చోక్ అయ్యే ముందు ఎంత, ఇవన్నీ రాసుకుని వెళ్ళండి. వీలైతే మీ సరుకు ఒక డబ్బాలో తీసుకెళ్ళండి, సీసా పరీక్ష దానితోనే చేయిస్తారు. అలాగే బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారో ముందే ఫోన్ చేసి అడగండి, ఎక్కువమంది ఉంటే రిగ్ దగ్గర వెనక నిలబడ్డవాళ్ళకి గేజ్ కనబడదు, ఆ గేజ్ చూడకపోతే మీరు కట్టిన ఫీజులో సగం పోయినట్టే.